అంచు ఖాళీ

జూన్ 30, సోమవారం

శ్రీరస్తు, శుభమస్తు. నా గురించి నేనే విడుదల చేస్తున్న అధికారిక ప్రకటన: నా కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. అమ్మ తప్ప.

పొద్దున పాలగిన్నె తన్నేశాను. నేను చూసినప్పుడు అది అక్కడ లేదు, తన్నినప్పుడు ఉంది. గిన్నెల విషయంలో ఇలాంటివి జరుగుతుంటాయి. అమ్మ గుడ్డ తెచ్చి తుడుస్తూ, తల ఎత్తకుండా అంది:

"అనుదీప్, జర కండ్ల డాక్టర్ దగ్గరికి పోయొద్దామా?"

"పాలు ఒలికితే డాక్టరెందుకమ్మ, పిల్లి చాలు."

"మీ మామకు గిట్లనే..."

అక్కడ ఆపేసింది. అమ్మ టీచరు. వాక్యం సగంలో ఆపిన పిల్లల్ని బెంచీ ఎక్కిస్తుంది. తను మాత్రం ఆపేసి, గుడ్డ పిండుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బాలకిషన్ మామకు ముప్పై దాటాక చూపు పక్కల నుంచి పోవడం మొదలైంది. పోతూ పోతూ మధ్యదాకా వచ్చింది. అది మామ సంగతి. నాకింకా ఇరవై నాలుగు. పక్కచూపులు చూడని బుద్ధిమంతుణ్ణి, అంతే.

తర్వాత ఎప్పటిలాగే అమ్మను బండి ఎక్కించుకుని చిక్కడపల్లి నుంచి బయల్దేరి, హైదర్‌గూడలో స్కూలు దగ్గర దింపి, నారాయణగూడలో మా ఆఫీసుకు వెళ్లాను. దారిలో ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని రాయడం ఎందుకో తెలియదు.

జూలై 2, బుధవారం

నా ఉద్యోగం ఏమిటో అప్పుడప్పుడూ రాసుకుంటే తప్ప నాకే నమ్మకం కలగదు. జిరాక్స్ షాపు పైన రెండు గదులు, అందులో ఆరుగురం. ఫోన్లో ఆడుకునే ఆట తయారుచేస్తాం. పేరు 'గుట్టల గొడవ'. పటం నిండా గుట్టలు. ఒక్కో గుట్టా ఆక్రమించి కాపలా పెట్టాలి. ఒకసారి నీ వంతు, ఒకసారి నా వంతు. కాపలా లేని పక్కనుంచి అవతలివాడి మనుషులు వచ్చి ఎద్దుల్ని తోలుకుపోతారు. బస్సులో సీటు మీద కిటికీలోంచి రుమాలు వేయడం తెలిసిన ఎవడైనా ఆడగలడు. మిగతావాళ్లు దాన్ని తయారుచేస్తారు. నేను ఆడి, తప్పులు పట్టుకుంటాను.

ఇవాళ మా ఓనరు మురళీకృష్ణ గారు అందర్నీ కూర్చోబెట్టి, "మన ఆట అందరూ ఆడగలగాలండీ. అందరి కళ్లూ మన కళ్లలాగే ఉండవు కదా," అన్నారు. బాధ్యత నాతో పనిచేసే భవ్యది. ఆమె అప్పటికే ఆటలో 'అందరి ఆట' అని ఒక పేజీ పెట్టింది. రంగులు తేడా తెలియనివాళ్లకు రంగుల బదులు గీతలు. చేతులు వణికేవాళ్లకు పెద్ద బొత్తాలు. తొందరపడలేనివాళ్లకు గడియారం ఆపుకునే వీలు. పక్కలు కనపడనివాళ్లకు 'అంచు మోత': పటం అంచులోంచి ఎవరైనా వస్తుంటే, ఆ వైపు చెవిలో సన్నగా ఒక మోత, ఆ వెంటనే ఒక గొంతు. అసలే కనపడనివాళ్లకు ఆ గొంతే మొత్తం ఆట చెబుతుంది.

"వాళ్లకెలా ఉంటుందో మనకూ తెలియాలిగా. అందుకని ఇవి చేశాను," అని భవ్య సంచిలోంచి ఈత కళ్లద్దాలు తీసింది. అద్దాలకు నల్ల చార్టు అంటించి, మధ్యలో చెరో బొక్క పెట్టింది. ముందుగా మురళీకృష్ణ గారు పెట్టుకుని, తన గదికి తాను వెళ్లబోయి, మంచినీళ్ల క్యాను మీద పడ్డారు. అందరం నవ్వాం. ఓనరు పడితే నవ్వే అవకాశం ఉద్యోగంలో మళ్లీ మళ్లీ రాదు.

నా వంతు వచ్చింది. పెట్టుకున్నాను. తిన్నగా క్యాను దగ్గరికి నడిచి, గ్లాసు పట్టి, తాగి, సభకు నమస్కరించాను. చప్పట్లు.

తర్వాత పద్ధతి ప్రకారం తప్పు నమోదు చేశాను. చేసింది: అద్దాలు పెట్టుకున్నాను. అవ్వాల్సింది: పక్కలు కనపడకూడదు. అయింది: ఏ తేడా లేదు. అద్దాల్లో లోపం ఉంది, సరిచేయగలరు.

భవ్య అది చదివి అద్దాలు తను పెట్టుకుంది. గదంతా తిరిగి చూసి, తీసేసి, "బాగానే ఉన్నాయిగా?" అంది.

జూలై 3, గురువారం

బొక్కలు శనగగింజంత చేసుకొచ్చింది. పెట్టుకున్నాను.

తేడా లేదు.

"సర్కస్‌లో చేరొచ్చు నేను," అన్నాను. ఎవరూ నవ్వలేదు. భవ్య ఎక్కడుందా అని తల తిప్పితే, నా చెవి పక్కన గాల్లో ఒక చెయ్యి వేళ్లు ఆడిస్తూ ఉంది. ఆ చేతి చివర భవ్య ఉంది. ఎంతసేపటి నుంచి ఆడిస్తోందో తెలియదు. చెయ్యి నెమ్మదిగా దించేసింది.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు. దోమ."

జూలై 4, శుక్రవారం

బాగా నిద్రపట్టింది. అబద్ధం.

జూలై 7, సోమవారం

అంచు మోతకు గొంతు భవ్యదే. స్టోర్ రూములో దుప్పటి కప్పుకుని రికార్డు చేసింది. మామూలుగా ఆమె మాటకు ముందో వెనకో ఒక నవ్వు ఉంటుంది. ఆ గొంతులో లేదు. "కుడి అంచున ఒకరు." "ఎడమ అంచున ఇద్దరు." ఎవరూ రాకపోతే, "అంచు ఖాళీ." ఎవరో ఆమెను కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి చెప్పించినట్టు ఉంటుంది.

ఆట దానంతట అది ఆడుకునే వీలు మాకుంది, పరీక్ష కోసం. మధ్యాహ్నం అలా నడవనిచ్చి, ఫోన్ జేబులో పడేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో అశోక్‌నగర్ వైపు భోజనానికి నడిచాను. కోచింగ్ సెంటర్ల సందు. సన్నగా మోత.

"కుడి అంచున ఒకరు."

ఊరికే తల తిప్పాను. భుజానికి భుజం ఆనేంత దగ్గర్లో ఒకతను కరపత్రం చాచి ఉన్నాడు.

"తీసుకో అన్న. గప్పటిసంది పట్టుకొని నీ వెంబడే వస్తున్న."

తీసుకున్నాను. గ్రూప్ టూ, కొత్త బ్యాచ్, నమ్మకమైన ఫలితాలు. నాలుగడుగులు వేశాను.

"ఎడమ అంచున ఇద్దరు."

గొడుగు కింద ఇద్దరమ్మాయిలు. నన్ను తప్పించుకోవడానికి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఇది యాదృచ్ఛికమని నా చదువు చెబుతోంది. అశోక్‌నగర్‌లో కళ్లు మూసుకుని ఎటు చెయ్యి చాచినా ఒక గ్రూప్స్ అభ్యర్థి తగులుతాడు. ఆ లెక్కన గొంతు ఎప్పుడేమన్నా నిజమే అవుతుంది. ఆ ఆలోచనతో మెస్ దాకా ధైర్యంగా వెళ్లాను.

మెస్ ముందు గొంతు "అంచు ఖాళీ" అంది. అటూ ఇటూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. పట్టపగలు, భోజనాల వేళ, అశోక్‌నగర్ సందులో ఒక్క మనిషి లేడు. ఒక కోచింగ్ సెంటర్ మెట్ల మీద చెప్పులు మాత్రం గుట్టగా ఉన్నాయి.

జూలై 10, గురువారం

నిజమే చెబుతోంది. ఇవాళ కూడా. కూరగాయల మార్కెట్ దగ్గర "కుడి అంచున ముగ్గురు" అంది, ముగ్గురే. తప్పినవి రాయడం లేదు. తప్పినవి ఆట తప్పులు, ఆఫీసులో నమోదు చేయాలి.

జూలై 11, శుక్రవారం

నేను అటు చూస్తే మనిషి ఉంటాడు. చూపు తిప్పితే పోతాడు. మాట మాత్రం మిగులుతుంది. ఇవాళ భవ్య మాట్లాడుతూ మాట్లాడుతూ లేకుండా పోయింది. "వింటున్నావా అసలు?" అని గాలి అడిగింది. వింటున్నానని గాలికి చెప్పాను.

జూలై 14, సోమవారం

హెల్మెట్ లోపల ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. అమ్మకు తెలియదు. బండి మీద కూడా చెబుతోంది. ఎంత హాయిగా ఉందో.

జూలై 16, బుధవారం

భవ్యకు చూపు లేని ఆటగాడు కావాలట. "మా మామ ఉన్నడు. తొండి ఆటలో పీహెచ్‌డీ," అన్నాను. అంబర్‌పేట్ వెళ్లి ఆటోలో తీసుకొచ్చాను.

బాలకిషన్ మామ కుర్చీలో బాసింపట్టు వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మా ఆఫీసును మూడుసార్లు దోచుకున్నాడు. మురళీకృష్ణ గారితో ఆడుతూ మాటల్లో పెట్టడం, ఆయన జవాబిచ్చేలోపు ఎద్దుల్ని తోలుకుపోవడం.

"సార్, మీది ఏ ఊరు అన్నరు?"

"తెనాలి అండీ."

"మంచి ఊరు. మీ కుడి గుట్ట మీద కాపలా లేదు సార్."

"అయ్యో, చూసుకోలేదండీ!"

"నేను గూడ సూస్కోలే," అన్నాడు మామ. ఆఫీసంతా గొల్లుమంది. మురళీకృష్ణ గారు కూడా.

సాయంత్రం, ఇంటికి పోతూ టీ తాగడానికి కిందికి దిగుతున్నాం. మామ చెయ్యి నా భుజం మీద ఉంది. జిరాక్స్ మిషన్ చప్పుడు వినిపించే మెట్టు మీద ఆగాడు.

"అల్లుడా, నీ గొంతు ఎందుకు తిరుగుతుంది?"

"జలుబు మామ."

"జలుబుకు బొంగురు పోతది. తిరగది. నువ్వు మాట్లాడితే ఒక్కతాన ఉండేది. ఇప్పుడు టేబుల్ ఫ్యాన్ లెక్క ఇటుసంది అటు, అటుసంది ఇటు. ఎవరిని దేవులాడుతున్నవ్?"

కింద ఎవరో రెండు కాపీలు అడుగుతున్నారు.

"నేను గూడ గట్లనే తిప్పేటోణ్ణి," అన్నాడు. "బండి నడుపుతున్నవా?"

"లేదు."

"మీ అమ్మను ఎక్కించుకుంటలేవు గద?"

"లేదు మామ."

మామ చెయ్యి భుజం మీంచి దిగి, నా మోచేతి దాకా వచ్చి, అక్కడ వేలాడుతున్న హెల్మెట్ మీద ఆగింది. దాన్ని గుండ్రంగా ఒకసారి తడిమాడు, పిల్లల తల నిమిరినట్టు.

"మంచిది," అన్నాడు. టీ పూర్తిగా తాగలేదు.

జూలై 17, గురువారం

డాక్టర్ దగ్గరికి వెళ్తాను. బోనాలు అయ్యాక. పండగ ముందు ఎందుకు.

జూలై 20, ఆదివారం

బోనాలు. చిక్కడపల్లి మొత్తం వేపాకు వాసన. అమ్మ నెత్తి మీద బోనం, నేను పక్కన. చెవిలో గొంతు పెట్టుకున్నాను గానీ డప్పుల్లో ఏమీ వినపడలేదు. అది ఏదో చెబుతోందని మాత్రం తెలుస్తోంది. పెదవులు కదిలే మనిషిని కిటికీ అద్దం వెనక నుంచి చూస్తున్నట్టు.

అప్పుడు వచ్చాడు. రాలేదు, ఉన్నాడు. నా ముక్కుకు జానెడు దూరంలో పసుపు ముఖం, పెద్ద పెద్ద కళ్లు, నోట్లో నిమ్మకాయ. అంతకు ముందు అక్కడ ఖాళీ రోడ్డు, ఎండ. గాలిని మధ్యలో చీల్చి లోపలి నుంచి తల పెట్టినట్టు ఉన్నాడు పోతరాజు. కొరడా నెత్తి మీద లేచింది. నేను అరిచాను. ఆ అరుపు డప్పులకు కూడా వినపడింది.

జనం నవ్వారు. "ఇంత పెద్దగైనవ్, పోతరాజుకు భయపడ్తవేందిర!" అంది ఎవరో పెద్దావిడ. పోతరాజు కూడా నిమ్మకాయ తీసి నవ్వాడు. మా సందు జైపాల్ అన్న. "గంటసేపటిసంది నీ ముందటనే ఆడుతున్న గదర," అన్నాడు.

అమ్మ నవ్వలేదు. ఒక చేత్తో బోనం పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి తీసుకుని, తన మోచేతి మీద పెట్టుకుంది.

మామను రోడ్డు దాటించేటప్పుడు అమ్మ అలాగే పెట్టుకుంటుంది. చెయ్యి పట్టుకుని లాగదు. వాళ్ల చెయ్యి తన మోచేతి మీద, తను అరడుగు ముందు.

గుడిదాకా అలాగే నడిచాం.

జూలై 21, సోమవారం

అమ్మ కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద మలుపు. చెవిలో గొంతు "అంచు ఖాళీ" అంది. తిప్పాను.

ఆటోకు తగిలి ఇద్దరం పడ్డాం. ఆటో అతను లబలబలాడాడు. "ఈడనే ఉన్న గదన్న! హారన్ గూడ కొట్టిన! కండ్లు లేవా?"

అమ్మ రోడ్డు మీద కూర్చునే, విరిగిన చేతిని మంచి చేత్తో పట్టుకుని, అతణ్ణి తిట్టింది. "నువ్వే అడ్డమొచ్చినవ్! మా పోరగాడు మంచిగనే నడుపుతున్నడు! నువ్వే అడ్డమొచ్చినవ్!" మా అమ్మ ఎవరితోనూ అలా అరవగా నేను వినలేదు. ఆటో అతను నోరు మూసుకుని, మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఒక్క రూపాయి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆటో కదల్లేదు. ఆగి ఉన్న ఆటో.

జూలై 22, మంగళవారం

అమ్మ ఎడమచేత్తో అన్నం కలుపుకుంటోంది. మెతుకులు పడుతున్నాయి. "పాలగిన్నె నువ్వు, పప్పుగిన్నె నేను," అంది. నన్ను నవ్వించడానికి. బండి తాళం ఎక్కడ దాచిందో అడగలేదు. దాచిందని తెలుసు.

భవ్య ఫోన్ చేసింది. "ఆ రోజు దోమ లేదు అనుదీప్. అప్పుడే చెప్పాల్సింది," అంది. నవ్వు ముందూ లేదు, వెనకా లేదు. నేనొక జోకు వేయాలి. వేయలేదు.

మామకు నేనే ఫోన్ చేశాను.

జూలై 24, గురువారం

మామ తోడొచ్చాడు. అమ్మ వస్తానంటే వద్దన్నాం. ఇద్దరం హిమాయత్‌నగర్‌లో కంటి ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాం. చూడవలసిన జంట.

"లోపట ఒక మిషన్ ఉంటది," అన్నాడు మామ. "తెల్లటి గిన్నె లెక్క. అందుల మొకం వెట్టాలె. వెలుగు కనవడితే నొక్కాలె. నేనేం జేసిన తెలుసా? దాని చప్పుడు వట్టిన. లోపట మోటర్ జరుగుతది. అది జరిగి ఆగంగనే నొక్కుడు. మస్తుగ నొక్కిన. అప్పటి మిషన్, అప్పటి డాక్టర్. భేష్ అన్నడు. వచ్చేటప్పుడు మీ అమ్మకు కలాకండ్ తెచ్చిన. ఇంక ఏడాదిన్నర బండి నడిపిన."

"తర్వాత?"

"తర్వాత నడపలే."

మోకాళ్లు రుద్దుకున్నాడు. మా మామ సగంలో వదిలేసిన జోకు నేనెప్పుడూ వినలేదు. ఇది జోకు కాదు.

నా పేరు పిలిచారు.

గది చీకటి. పరీక్ష చేసే ఆవిడ పేరు అంబిక, కోటు మీద రాసి ఉంది. ఒక కన్ను మూసి పట్టీ వేసి, గడ్డం ఆనించి, చేతిలో బొత్తం పెట్టింది. "మధ్యల పసుపు చుక్క ఉంది గదా సార్, దాన్నే చూడాలె. చూపు తిప్పొద్దు. పక్కలకు ఏడన్న వెలుగు కనవడితే నొక్కండి. కొన్ని కనవడయ్, అందరికీ అంతే. పరేషాన్ గావద్దు."

మొదలైంది. మధ్యలో ఒక మెరుపు. నొక్కాను. ఇంకొకటి. నొక్కాను. తర్వాత ఏమీ లేదు. గిన్నె వెనక మాత్రం సన్నగా ఒక చప్పుడు జరిగి, ఆగింది.

బొటనవేలు నొక్కింది. నేను కాదు. వేలు. ఎన్నో నెలలుగా ఆట ఆడుతున్న వేలు, చప్పుడు ఆగగానే నొక్కింది. మళ్లీ జరిగింది, ఆగింది, నొక్కింది. లయ దొరికింది. మామ చెప్పింది నిజం, ఎంత తేలికో. నాకు లోపల్లోపల సంతోషం కూడా వేసింది. గెలుస్తున్నాను.

"సార్," అంది అంబిక వెనక నుంచి. "వెలుగు పెట్టనప్పుడు గూడ నొక్కుతున్నరు. మిషన్ మధ్య మధ్యల ఉత్తగనే చప్పుడు చేస్తది, అందుకే. మళ్ల ఫస్ట్ నుంచి పెడుతున్న."

పసుపు చుక్క. చప్పుడు ఎడమవైపు జరిగి ఆగింది. అక్కడ వెలుగు ఉండొచ్చు. ఉత్తుత్తిది కావచ్చు. నాకు చీకటి. వేలు లేచింది. దాన్ని పిడికిలిలోకి మడిచి పట్టుకున్నాను, అమ్మ తన మణికట్టు పట్టుకున్నట్టు.

చప్పుడు పైకి వెళ్లింది. ఆగింది. నా కోసం చూసింది. కుడికి దిగింది. ఆగింది. నా చుట్టూ ఎవరో చెప్పులు విడిచి నెమ్మదిగా తిరుగుతున్నట్టు, ప్రతిచోటా నిలబడి, 'ఇక్కడున్నాను, కనపడుతున్నానా?' అని అడిగి, జవాబు కోసం ఆగి, మళ్లీ నడుస్తున్నట్టు ఉంది. ఎడమ. కింద. ఎడమ. వాళ్లు నిలబడిన ప్రతిచోటూ నాకు తెలుస్తూనే ఉంది. ఎక్కడా ఎవరూ లేరు.

నొక్కలేదు. చాలాసేపు నొక్కలేదు. పట్టీ లేని కంట్లోంచి నీళ్లు కారి గడ్డం కింద ప్లాస్టిక్ తడిసింది.

"సార్, నిద్రవోయిండ్రా?" అంది అంబిక.

"లేదక్కా," అన్నాను. "చూస్తున్న."